లుంగీ మడతలో రెండు పాకెట్లు

పోయిన ఎండాకాలంలో జైలుకు పోయొచ్చాను. కంగారు పడకండి, ములాఖత్ కు. మాది ఖాజీపేట. వరంగల్ పక్కన రైళ్ళు మారే కాజీపేట కాదండీ బాబూ, కడప నుంచి మైదుకూరు పోయే రోడ్డులో తగిలే ఖాజీపేట. ఈ ముక్క బెంగుళూరు ఆఫీసులో వారానికి ఒకరికైనా చెప్పాల్సొస్తుంది.

పదో తరగతి దాకా నా బెంచీలో కూర్చున్నవాడొకడున్నాడు. నేను ఇంజనీరింగుకు పోయాను, వాడు బొలేరో స్టీరింగు పట్టుకున్నాడు. ఒక రాత్రి ఆ బండిలో ఎర్రచందనం దుంగలు దొరికాయి. తెలిసి తోలాడా తెలియక తోలాడా అన్నది కోర్టు తేలుస్తుంది. నన్నడిగితే తెలిసే తోలాడు. మా వైపు కొండల పక్కన పుట్టి, చేతిలో బండి ఉండి, చెనిక్కాయ పంట రెండేళ్ళు వరసగా పోయినవాడికి ఆ సంగతి తెలియకపోవడమేమిటి? సరే, వాడిని రిమాండుకు పంపారు. ఏ జైలో చెప్పను. మా జిల్లాలో జైళ్ళకేం కొదవలేదు, కడపలో సెంట్రల్ జైలుంది, ఊరూరా సబ్ జైళ్ళున్నాయి, ఏదో ఒకటనుకోండి.

నేను సెలవు మీద ఊరొచ్చానని తెలిసి వాళ్ళమ్మ ఇంటికొచ్చింది. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. "నువ్వు ఒకసారి వచ్చి వానితో మాట్లాడు నాయనా, నువ్వు చెప్తే వింటాడు" అంది. వాడు నా మాట ఏనాడూ వినలేదు గానీ, వెళ్ళాను.

పొద్దున్నే బస్సెక్కి పోతే గేటు దగ్గర అప్పటికే యాభై అరవై మంది ఉన్నారు. చంకలో పిల్లలు, చేతిలో ఆధార్ జిరాక్సులు, ప్లాస్టిక్ కవర్లలో అరటిపళ్ళు. గోడ మీద పెద్ద బోర్డు: సెల్ ఫోన్లు, సిమ్ములు, గంజాయి, ఖైనీ, గుట్కా, బ్లేడ్లు, డబ్బులు నిషిద్ధం. పెద్దమ్మ తెల్లవారుజామున లేచి చేసిన నిప్పట్లు అక్కడే వెనక్కొచ్చాయి, ఇంటి తిండి పనికిరాదట. సోపును రెండు ముక్కలు కోశారు. అరటిపళ్ళకు చువ్వ గుచ్చి చూశారు. ఇదంతా బాగానే ఉంది, వాళ్ళ పని వాళ్ళు చేయాలి కదా.

తర్వాత డోర్ ఫ్రేమ్ మెటల్ డిటెక్టరు. పెద్దమ్మ పోతే కుయ్ మంది. ఆమె ఒంటి మీద లోహం ఏముంటుంది? తాళిబొట్టు, జాకెట్టుకు రెండు పిన్నీసులు, కొప్పులో పిన్నులు, కాళ్ళకు మెట్టెలు. ఒక ఆడ గార్డు వచ్చి అక్కడే, అంత మంది ముందు, కొప్పు విప్పించింది. కొంగు దులిపించింది. అరవై ఏళ్ళ మనిషి జుట్టు విరబోసుకుని క్యూలో నిలబడింది. వెనక ఎవరో నవ్వారు కూడా. తర్వాత నా వంతు. నా బెల్టుకు, గడియారానికి కూడా అది కుయ్ మంది. మెడలో కంపెనీ ట్యాగు తీయడం మర్చిపోయాను. గార్డు దాన్ని చూసి "సాఫ్ట్ వేరా సార్? పోండి పోండి" అన్నాడు. నా చేతిలో ఒక లుంగీ, ఒక టవల్ ఉన్నాయి, మావాడికివ్వమని పెద్దమ్మ బస్సు దిగగానే నా చేతికిచ్చినవి. అవి అట్లాగే కౌంటర్లోకి వెళ్ళిపోయాయి.

లోపల రెండు వరసల జాలీ. అటు ఒక వంద గొంతులు, ఇటు ఒక వంద గొంతులు. మావాడు సన్నబడ్డాడు. ఏం చెప్పాడో సగం వినపడలేదు. చివర్లో నావైపు చూసి బొటనవేలు ఎత్తి చూపించి, దాన్ని చెవి దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను పిచ్చోడిలా తిరిగి థమ్సప్ చూపించి నవ్వాను.

తిరుగు బస్సులో పెద్దమ్మ కొప్పు ముడేసుకుంటూ రెండు సంగతులు చెప్పింది.

"నీ చేతికిచ్చిన లుంగీ మడతలో రెండు ఖైనీ పాకెట్లు పెట్టింటి నాయనా. నా చేతిలో ఉంటే ఇప్పి చూచ్చారు. నువ్వు సదువుకున్నోనివి, నిన్నేం సూడరులే అని."

నాకు కాసేపు నోట మాట రాలేదు. నేను ఎంత తిట్టానో ఇక్కడ రాయను. అంతా విని ఆమె "అది ల్యాకుంటే వానికి చేతులు వణుకుతాండాయంట" అంది, అంతే.

రెండోది ఆ బొటనవేలు సంగతి. బొటనవేలంత సెల్ ఫోన్లు దొరుకుతాయి, చూసే ఉంటారు. మావాడికి అలాంటిది కావాలి. "మనం లోపలికి తీస్కపోయే పనే ల్యా అంట. బయట టీ అంగడి కాడ ఒగాయప్ప ఉంటాడంట. ఆయప్పకు దుడ్లిస్తే రెండ్రోజుల్లో వానికి చేరతాదంట. నీ ఫోన్లోనించి పంపిచ్చినా సరిపాయ."

ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జైళ్ళ చట్టం, అదే 1894 నాటిది, నెట్ లో తీసి చదివాను. అందులో 42వ సెక్షను ప్రకారం నిషిద్ధ వస్తువును జైల్లోకి చేరవేసినా, చేరవేయాలని చూసినా ఆరు నెలల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1894లో 200 రూపాయలంటే మా ఊళ్ళో భూమి వచ్చేదేమో, ఇప్పుడు బెంగుళూరులో ఒక బిర్యానీ. కానీ ఆ ఆరు నెలల మాట నా కడుపులో తిప్పింది. దొరికుంటే కేసు, కేసు ఉంటే బ్యాక్ గ్రౌండ్ వెరిఫికేషను, అంతటితో నా ఉద్యోగం గోవిందా. పెద్దమ్మకు ఇవేమీ తెలియవు. ఆమెకు తెలిసింది ఒక్కటే, గేటు దగ్గర ఎవరిని చూస్తారు, ఎవరిని చూడరు అన్నది.

ఆ ఒక్క ముక్క మీద అమెరికాలో పేపర్లు రాశారంటే నమ్ముతారా? విమానాశ్రయాల్లో అనుమానితులను కంప్యూటరుతో ముందే ఎంచి వాళ్ళనే ఎక్కువ సోదా చేసే పద్ధతి ఒకటుండేది. దాన్ని ఎట్లా ఓడించవచ్చో 2002లో ఎంఐటీ విద్యార్థులు చక్రవర్తి, స్ట్రాస్ అని ఇద్దరు 'కార్నివాల్ బూత్' అనే పేరుతో రాశారు. స్థూలంగా సంగతేమిటంటే, నలుగురిని ఉత్త చేతులతో రెండు మూడుసార్లు పంపు. ఎవరిని ఆపలేదో చూసుకో. అసలు సరుకు వాడి చేతికియ్యి. ఇట్లాంటి ఎంపిక కంటే గుడ్డిగా చీటీ తీసి పదిమందిలో ఒకరిని పట్టుకోవడమే మేలు కావచ్చంటారు వాళ్ళు. మా పెద్దమ్మ ఐదో తరగతి. మూడు ములాఖత్ లలో ఆమె ఆ పేపరు మొత్తం కనిపెట్టేసింది.

సరే, యంత్రాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. మెటల్ డిటెక్టరు అయస్కాంత క్షేత్రంతో లోహాన్ని పసిగడుతుంది, పొగాకులో లోహం లేదు, గంజాయిలో లేదు. సామాన్లు చూసే ఎక్స్ రే యంత్రంలో తిండి, గుడ్డ, పొగాకు లాంటి సేంద్రియ పదార్థాలన్నీ నారింజ రంగులో, లోహాలు నీలంలో కనపడతాయి, మరి లుంగీ మధ్యలో ఖైనీ అంటే నారింజలో నారింజ. చూసేవాడు మెలకువగా ఉండి, మడత మందం తేడా పట్టుకోవాలి. స్విచాఫ్ చేసిన ఫోన్లను కూడా పసిగట్టే యంత్రం ఒకటుంది, నాన్ లీనియర్ జంక్షన్ డిటెక్టరు. రేడియో తరంగం పంపితే సెమీకండక్టరు దాన్ని రెట్టింపు ఫ్రీక్వెన్సీలో తిరిగి ఇస్తుంది. తుప్పు పట్టిన ఇనుమైతే ఎక్కువగా మూడు రెట్లలో ఇస్తుంది. ఆ తేడాతో గోడలో దాచిన ఫోను కూడా దొరుకుతుంది. (కాలేజీలో ఈ పాఠం ఇట్లా చెప్పుంటే నేను బ్యాక్ లాగ్ పెట్టుకునేవాణ్ణి కాదు.) ఇక ఒంట్లో దాచింది తెలియాలంటే ఎక్స్ రే బాడీ స్కానర్లే. ఇంగ్లండులో 2020 నుంచి మగవాళ్ళ జైళ్ళలో పెట్టారు. 2022 జనవరిలో తీహార్ జైల్లో సోదాకు భయపడి ఒక ఖైదీ సెల్ ఫోను మింగేశాడు. ఢిల్లీలో డాక్టర్లు ఎండోస్కోపీ చేసి నోట్లోంచే బయటికి తీశారు. ఎంత చిన్న ఫోనులు వస్తున్నాయో, ఎంత తెగింపో చూడండి.

కానీ ఎంత మంచి యంత్రానికైనా ఒక లెక్క ఉంటుంది. ఊరికే అనుకుందాం. రోజుకు 300 మంది ములాఖత్ కు వస్తారు, వాళ్ళలో ముగ్గురు ఏదో తెస్తారు. యంత్రం తెచ్చినవాళ్ళలో నూటికి 95 మందిని పట్టేస్తుంది, తేనివాళ్ళలో నూటికి పదిమందికి ఊరికే మోగుతుంది. అంటే రోజుకు 33 సార్లు మోగితే దొంగలు ముగ్గురు, మిగతా 30 మంది తాళిబొట్లు, పిన్నీసులు. పదకొండు మోతల్లో పది ఉత్తుత్తివి. ఆఫీసులో మా సర్వరు అలర్టులు ఇట్లాగే వస్తే వారం తిరక్కముందే మెయిల్ రూల్ పెట్టి ఫోల్డర్లోకి తోసేశాం. గేటు గార్డు కూడా మనిషే. మోత వినడం మానేసి మొహాలు చూడటం మొదలెడతాడు. మొహాలు చూసినప్పుడు మాసిన చీర ఒక రకం, కంపెనీ ట్యాగు ఒక రకం.

ఆ చట్టంలోనే 41వ సెక్షనుంది. అనుమానం ఉంటే జైలరు ములాఖత్ కు వచ్చినవాళ్ళను సోదా చేయించవచ్చు, కానీ ఖైదీ ఎదుట గానీ వేరే సందర్శకుల ఎదుట గానీ చేయకూడదు. సోదాకు ఒప్పుకోకపోతే లోపలికి పంపకుండా ఆపి, కారణం రాసిపెట్టాలి. నూట ముప్పై ఏళ్ళ కిందట, తెల్లవాడు, మనల్ని మనుషులుగా చూసినవాడేం కాదు, వాడు కూడా ఆ మాట రాశాడు. ఒక గుడ్డ పరదా కట్టడానికి ఎంతవుతుందండీ? పరదా వెనక అందరినీ ఒకే తీరుగా వెతికుంటే ఆమెకూ అవమానం ఉండేది కాదు, నా చేతిలో లుంగీ కూడా దొరికిపోయేది. దొరికుంటే ఈ టపా ఉండేది కాదనుకోండి, అది వేరే సంగతి.

అసలు ఫోన్లు ములాఖత్ వాళ్ళ లుంగీల్లోంచే పోతున్నాయా అన్నది ఇంకో ప్రశ్న. మన సీమ వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవిని చంపినప్పుడు, హైదరాబాదులో జైల్లో ఉన్న మద్దెలచెరువు సూరి లోపలి నుంచే సెల్ ఫోన్లో కథ నడిపాడని ఎంత గొడవైందో మేం పిల్లలుగా ఉన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఆ హత్య కేసులో ముద్దాయి మొద్దు శీను 2008 నవంబరులో అనంతపురం జైల్లోనే చచ్చిపోయాడు. తోటి ఖైదీ ఓంప్రకాష్ డంబెల్ తో కొట్టి చంపాడు. డంబెల్ ఎవరి మొలలోనో దాచుకుని తెచ్చేది కాదు కదా. మా కడప సెంట్రల్ జైల్లోనే 2025లో ఎర్రచందనం కేసు ఖైదీకి సెల్ ఫోన్లు అందాయన్న వ్యవహారం బయటపడి, విచారణ జరిపి, జైలు అధికారులను, సిబ్బందిని సస్పెండ్ చేశారు. పేపర్లో ఆ వార్త చదువుతుంటే పెద్దమ్మ కొప్పే గుర్తొచ్చింది నాకు.

కోవిడ్ అయితే ఏకంగా ప్రయోగమే చేసి చూపించింది. 2020 మార్చిలో అమెరికాలో టెక్సాస్ జైళ్ళకు సందర్శకులను పూర్తిగా ఆపేశారు. లోపల మత్తుమందులు మాత్రం ఆగలేదు. బయటివాళ్ళు ఒక్కరూ రాకపోయినా సరుకు వచ్చిందంటే వచ్చే దారి వేరే ఏదో ఉందనే కదా.

జైలు సిబ్బంది అందరూ దొంగలని నేననడంలేదు. చాలీచాలని మందితో అన్ని వందల మందిని కాయడం మాటలు కాదు. లోపలికి పోయిన ఫోను ఎప్పుడూ అమ్మతో మాట్లాడటానికే వాడరని కూడా తెలుసు. సాక్షిని బెదిరించడానికి వాడతారు, ఎర్రచందనం లోడు ఏ దారిన పోవాలో లోపల కూర్చుని చెప్తారు. కేంద్రం 2023లో రాష్ట్రాలకు పంపిన నమూనా జైళ్ళ చట్టంలో ఖైదీ దగ్గర ఫోను దొరికితే మూడేళ్ళ దాకా శిక్ష పెట్టారు. పెట్టనీ. కానీ మావాడికి ఫోను ఎందుకు కావలసొచ్చిందో చెప్తాను వినండి.

వాడి భార్యకు అప్పుడు ఎనిమిదో నెల. ప్రొద్దుటూరులో పుట్టింట్లో ఉంది, జైలు దాకా బస్సులో రాలేదు. జైల్లో చట్టప్రకారమే ఫోను సౌకర్యం ఉంది, ముందుగా రాయించి తనిఖీ అయిన నంబర్లకు మాట్లాడవచ్చు. చక్కటి ఏర్పాటు. కానీ ఆ అమ్మాయి వాడే సిమ్ము వాళ్ళన్న పేరు మీద ఉంది. భర్త కోసం రాసిన నంబరు, ఆధార్ పేరు కలవడంలేదని తిప్పి పంపారు. వీడియోలో చూసే ఈ-ములాఖత్ ఉంది, దానికి బుక్ చేసుకోవాలి, ఓటీపీలు కొట్టాలి, వాళ్ళింట్లో ఆ పని చేసేవాళ్ళు లేరు. టీ అంగడి దగ్గరాయన మాత్రం ఆధార్ అడగడు.

అబద్ధం చెప్పను, ఆ రాత్రి ఫోన్ పే తెరిచాను. పెద్దమ్మ ఇచ్చిన నంబరు కొట్టాను. ఏదో పేరు కూడా వచ్చింది. అక్కడ ఆగిపోయాను. నీతి వల్ల ఆగానని చెప్పుకోవాలనే ఉంది గానీ, నా బ్యాంకు స్టేట్మెంటులో ఆ పేరు పడుతుందన్న భయం వల్ల ఆగాను. నగదు ఇమ్మనుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు.

మర్నాడు ప్రొద్దుటూరు పోయి ఆ అమ్మాయి పేరు మీద కొత్త సిమ్ము తీయించాను. అర్జీ మళ్ళీ రాసి, జిరాక్సులు పెట్టి, పెద్దమ్మతో జైల్లో ఇప్పించాను. నేను బెంగుళూరు వచ్చేశాను. నంబరు ఓకే కావడానికి మూడు వారాలు పట్టింది. రెండో వారంలో పాప పుట్టింది. మావాడికి ఆ సంగతి నాలుగు రోజుల తర్వాత, ములాఖత్ లో, జాలీ అవతలి నుంచి పెద్దమ్మ అరిచి చెప్తే తెలిసింది. "పాప రా, పాప" అని ఎన్నిసార్లు అరిచినా వాడికి "బాబు" అని వినపడిందట. నంబరు ఓకే అయ్యి మొదటిసారి ఇంటికి ఫోను చేసినప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. ఆ తర్వాత మాత్రం ఆ బొటనవేలు ఫోను మాట మళ్ళీ ఎత్తలేదని పెద్దమ్మ చెప్పింది. ఎత్తలేదో, ఈసారి ఆమెకు చెప్పలేదో.

మా కంపెనీలో ఎవరైనా లైసెన్సు లేని సాఫ్ట్ వేరు వేసుకుంటే ముందు అడిగే ప్రశ్న ఒకటుంటుంది, లైసెన్సు ఉన్నది అడిగితే ఎన్ని రోజుల్లో ఇస్తున్నాం అని. జైలు ఫోనుకు కూడా ఆ ప్రశ్న అడిగేవాళ్ళు ఒకరుండాలి. నంబరు మూడు వారాలకు బదులు మూడు రోజుల్లో ఓకే అయితే టీ అంగడి గిరాకీల్లో సగం మంది తగ్గుతారని నా అంచనా. అప్పుడు మిగిలేది అసలు దొంగ వ్యవహారాలే, ఆ ఖరీదైన యంత్రాలు వాళ్ళ మీద పెట్టుకోవచ్చు. గేటు దాటే ప్రతి ఒక్కరి మీదా పెట్టాలి, క్యారేజీతో డ్యూటీకి వచ్చేవాళ్ళతో సహా. ఖైనీకి ఏం చేయాలంటారా? మానేవాడికి చేతులు వణికితే చూడటానికి జైలు డాక్టరున్నాడు. వాడి దగ్గరికి పొమ్మని మావాడికి చెప్తే నన్ను ఎగాదిగా చూశాడు.

బెయిలు వచ్చిందని సంబరపడేలోపు ఇంకో పాత కేసులో పీటీ వారెంటు వేసి మళ్ళీ లోపలే ఉంచారు. కాబట్టి నా ములాఖత్ లు ఇంకా అయిపోలేదు. ఊరెళ్ళినప్పుడల్లా పోతున్నాను. కంపెనీ ట్యాగు ఇంట్లో పెట్టి పోతున్నాను, అయినా నా చొక్కా, బూట్లు చూసి పోండి సార్ అనే అంటున్నారు. బస్టాండులో పెద్దమ్మ ఇచ్చిన బట్టలు ఆమె ముందే బెంచీ మీద పరిచి, ఒక్కో మడతా విప్పి, దులిపి, మళ్ళీ మడతపెడతాను. పోయినసారి ఒక పాకెట్టు దొరికింది. చెత్తబుట్టలో పడేశాను. ఆమె ఏమీ అనలేదు, బస్సు వచ్చేదాకా అటు తిరిగి కూర్చుంది.